కొళాయి వచ్చింది, క్యాను పోలేదు

కర్నూలు, కడప జిల్లాల్లో ఏ మాలగేరికి, ఏ మాదిగగేరికి పొద్దున్నే వెళ్లినా ఇదే కనిపిస్తుంది. గడప ముందు జలజీవన్ మిషన్ కొళాయి ఉంటుంది. ఆ నీళ్లు అంట్లకు, బట్టలకు, గొడ్లకు. తాగడానికి మాత్రం ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల క్యాను. దీన్ని అధికారులు అవగాహన లోపం అంటారు. మేము ఒప్పుకోం. మా వాళ్లు కొళాయిని నమ్మకపోవడం వెనుక చాలా అనుభవం ఉంది.

2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో వాంతులు, విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. వేలెత్తి చూపింది తాగునీటి వైపే. ఊరి పక్కనే గోరుకల్లు రిజర్వాయరు ఉంది, అయినా గుక్కెడు మంచినీళ్లకు భయపడాల్సి వచ్చింది. కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న పల్లెలు తమ బోర్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. 2018లో కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు కూడా ఇచ్చింది.

ఇవి వార్తలకెక్కినవి. రోజూ జరిగేది వార్త కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఊరి మధ్యలో ఉంటుంది, మా గేరి పైపులైను చివర ఉంటుంది. దారిలో ఉన్న ఇళ్లవాళ్లు పైపుకే మోటారు బిగించి లాగేస్తే చివరి కొళాయికి సన్నటి ధారే మిగులుతుంది. నీళ్లు వదలని గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడ పగులుంటే అక్కడ పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదలగానే మొదటి బిందె రంగు మారి వస్తుంది. ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్షించి బాగున్నాయని రాసేవాళ్లకు ఈ బిందె కనపడదు.

అలాగని మా అపనమ్మకం ప్రతిసారీ సరైనదని చెప్పలేం. మనం నాలుకతో పరీక్షిస్తాం. ఉప్పగా ఉంటే చెడ్డవి, తియ్యగా ఉంటే మంచివి అనుకుంటాం. కానీ రాయలసీమ బోర్లలో చాలాచోట్ల ఉండే ఫ్లోరైడుకు రుచీ లేదు, వాసనా లేదు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. తాగడానికి క్యాను కొన్నా, అన్నం, పప్పు, సంగటి బోరు నీళ్లతోనే వండితే ఫ్లోరైడు కంచంలోకి వచ్చేస్తుంది. ఇక ఆ క్యాను నీళ్లను ఎవరు పరీక్షించారు? ఊరి ప్లాంటులో ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడిగితే జవాబుండదు.

ఒక మాట మాత్రం చెప్పాలి. క్యాను మా వాళ్లకు ఇచ్చింది నీళ్లొక్కటే కాదు. ఊరి బావి దగ్గర ఎడంగా నిలబడి, ఎవరో ఎత్తి పోస్తే దోసిలి పట్టిన జ్ఞాపకం మా అవ్వలకు ఇంకా ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది ఆ దోసిలిని దించడానికే. 1985లో కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైంది, తాము తాగే చెరువును మురికి చేయొద్దని మాదిగలు అడ్డుచెప్పిన చోటే. డబ్బిచ్చి కొన్న క్యాను దగ్గర ఎవరినీ బతిమాలే పని లేదు. ఆ గౌరవాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ దాని ధర చూడండి. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి ఇరవై లీటర్లు రెండు రూపాయలకు ఇస్తామంది. ఇప్పుడు ప్రైవేటు ప్లాంటులో క్యాను పది రూపాయలే అనుకున్నా, రోజుకొకటి చొప్పున ఏడాదికి 3,650 రూపాయలు. కూలి ఇంట్లో అది పది రోజుల సంపాదన.

అందుకే క్యాను నీళ్లు కొలుచుకుని తాగుతారు. ఈ సంగతి ఏ లెక్కలోనూ లేదు. మే నెల ఎండలో మిరప చేనులోనో ఉపాధి పనిలోనో ఉన్న ఆడమనిషి వెంట ఒకే ఒక్క సీసా ఉంటుంది. పని చోట తాగునీరు, నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు చెప్పింది. చాలాచోట్ల అది కాగితంలోనే ఉంది. చాటు లేని చేలో మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని ఉన్న సీసానూ పూర్తిగా తాగరు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు, వడదెబ్బ... నీళ్లు తక్కువైతే వచ్చేవి ఇవే. ఆసుపత్రి చీటీలో జబ్బు పేరు ఉంటుంది, సీసా సంగతి ఉండదు.

అమెరికాలోనూ ఇలాంటి కథే ఉంది. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు తెల్లవారి కంటే ఎక్కువగా కొళాయిని వదిలి సీసా నీళ్లు కొంటాయని అక్కడి పరిశోధనలు చెబుతున్నాయి. 2014లో ఫ్లింట్ నగరంలో నీటి వనరు మార్చాక పైపుల్లోని సీసం నీళ్లలో కలిసింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి చూపించినా అధికారులు బాగున్నాయనే అన్నారు. తర్వాత పైపులు మార్చారు, కానీ నమ్మకం పైపులంత త్వరగా తిరిగి రాలేదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంది. 2024 గడువు దాటిపోయింది, 2025 బడ్జెట్‌లో దాన్ని 2028కి జరిపారు. ఇన్నేళ్లుగా లెక్కపెట్టింది కనెక్షన్లనే. ఆ నీళ్లు ఎంతమంది తాగుతున్నారో అడగలేదు. ఊళ్లో ఉన్నవాళ్ల ఇళ్లలో సొంత ఫిల్టర్లు వచ్చేశాయి కాబట్టి పంచాయతీని నిలదీసే గొంతు కూడా పలచబడింది. దళితులు వాడే నీటిని పాడుచేయడం అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎక్స్) కింద నేరం. కానీ నిర్లక్ష్యం వల్ల పాడైన పైపుకు నిందితుడు దొరకడు.

నీటి పరీక్షకు ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని మిషన్ నిబంధనల్లోనే ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, అందులో మా గేరి నుంచి ఒక్కరైనా ఉన్నారో సచివాలయంలో అడగండి. నమూనా ట్యాంకు దగ్గర కాకుండా గేరిలో చివరి ఇంటి కొళాయి నుంచి, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో పట్టమనండి. ఫలితాన్ని తెలుగులో, తేదీతో గేరి రచ్చబండ దగ్గర అంటించమనండి.