ఇంటి సామాను – మంచీ చెడూ : పాత వి.సి.ఆర్. ఇంకా కొనదగినదేనా?

ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలలో ఒకటి రియాద్ నుంచి ఒక సోదరి అడిగినది. "మావారు హరాజ్‌లో పాత వి.సి.ఆర్. ఒకటి చూసి వచ్చారు. ఇంట్లో పదిహేను దాకా క్యాసెట్లున్నాయి. కొనమంటారా, వద్దంటారా?" అని. ఈ రోజుల్లో వి.సి.ఆర్. ఏమిటండీ అని నవ్వేవారు నవ్వవచ్చు. కాని మన ఇళ్ళలో సూట్‌కేసు అడుగునో, ఊళ్ళో అటక మీదో ఆ నల్లటి క్యాసెట్లు నాలుగైనా ఉండే ఉంటాయి. అందుకని కాస్త వివరంగానే వ్రాస్తున్నాను.

సినిమాల కోసమైతే వద్దు. ఈ మాట ముందే చెప్పేస్తాను. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో సినిమా హాలు తెరిచేదాకా, అంతకు ముందు ముప్ఫై అయిదేళ్ళ పైచిలుకు ఈ దేశంలో హాలన్నదే లేదు. గురువారం రాత్రి డ్యూటీ దిగి, బత్తాలోనో, జెద్దా బలద్‌లోనో అద్దెకు తెచ్చిన క్యాసెట్టే మనకు మొదటి ఆట, రెండవ ఆట. ఒక గదిలో పదిహేనుమంది, నడుమ ఒక టి.వి. ఆ ముచ్చట వేరు, ఇప్పుడా క్యాసెట్టు కోసం డబ్బు పెట్టడం వేరు. ఆ సినిమాలలో చాలావరకు ఈనాడు సెల్‌ఫోనులోనే, అంతకన్నా మంచి బొమ్మతో దొరుకుతున్నాయి.

అసలు సంగతి రెండో రకం క్యాసెట్లది. సెలవు దొరకక, కఫీల్ ఎగ్జిట్ రీ ఎంట్రీ ఇవ్వక, చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయిన వారు మనలో ఎందరో! జగిత్యాలలోనో, రాజంపేటలోనో, అమలాపురంలోనో జరిగిన ఆ పెళ్ళిని ఊరి నుంచి తిరిగి వచ్చే మిత్రుడు మూడు నెలల తర్వాత క్యాసెట్టుగా తెచ్చి ఇచ్చేవాడు. విమానాశ్రయంలో తనిఖీకని ఉంచుకొని, చూశాక గాని ఇచ్చేవారు కాదు ఒక్కోసారి. మనింటి తలంబ్రాలు మనకన్నా ముందు ఎవరో చూసేవారన్నమాట! ఆ క్యాసెట్టులో కెమెరా తన మీదికి తిరిగిందని తెలియక, చెంగు సర్దుకుంటూ, వంటవాడిని కేకలేస్తున్న అమ్మ ఉంటుంది. ఫోటోలో అమ్మ ఉంటుంది గాని ఆ గొంతు ఉండదు. దానికి రెండో ప్రతి ఎక్కడా లేదు. తీసిన వీడియో షాపు ఎన్నడో మూతపడింది.

అటువంటి టేపు అలాగే పదిలంగా ఉంటుందనుకుంటే పొరపాటు. అది అర అంగుళం వెడల్పు ప్లాస్టిక్ రిబ్బను. దాని మీద అయస్కాంతపు పొడిని ఒక రకం జిగురుతో పట్టించి ఉంటారు. ఆ జిగురు తేమ పీల్చుకుని ఏళ్ళ తరబడి చెడుతూనే ఉంటుంది. జెద్దా, దమ్మామ్ సముద్రతీరాల ఉక్కలో, మన కోనసీమ వానలలో తెల్లటి బూజు కూడా పడుతుంది. రియాద్ పొడి గాలి కొంత మేలు, వేడి మాత్రం చేటే. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ భాండాగారం వారు 2025ను గడువుగా పెట్టి, అప్పటికి డిజిటల్‌లోకి మార్చని టేపులు చాలావరకు దక్కవని హెచ్చరించారు. యునెస్కో కూడా 2019లో ఇటువంటి హెచ్చరికే చేసింది.

ఇక యంత్రం సంగతి. జపాను జె.వి.సి. కంపెనీ 1976లో వి.హెచ్.ఎస్. పద్ధతిని తెచ్చింది. చివరిదాకా వి.సి.ఆర్.లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది. 2015లో కూడా ఏడున్నర లక్షలు అమ్మిందట! విడిభాగాలు దొరకకే ఆపామన్నారు. కనుక ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. లోపల రబ్బరు బెల్టులు సాగి ఉంటాయి, టేపును లాగే రోలరు గట్టిపడి ఉంటుంది, హెడ్డు అరిగి ఉంటుంది.

కొనక తప్పదనుకుంటే వెనకాల అంటించిన చీటీ చదవండి. మన ఊళ్ళో తీసినవి పాల్ పద్ధతి క్యాసెట్లు. అమెరికా నుంచి వచ్చిన ఎన్.టి.ఎస్.సి. యంత్రంలో అవి సరిగా ఆడవు. గల్ఫ్‌లో అమ్మిన మల్టీ సిస్టమ్ యంత్రమే మనకు కావలసింది. వోల్టేజి కూడా చూడాలి. ఇక్కడి పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్టూ, 220ది ప్రక్కప్రక్కనే ఉండేవి. 110కి మాత్రమే చేసినదాన్ని 220లో పెడితే పొగే! తర్వాత, పనికిరాని సినిమా క్యాసెట్టు ఒకటి వెంట తీసుకువెళ్ళి, అక్కడే పది నిమిషాలు ఆడించి, ముందుకూ వెనక్కూ తిప్పించి, బయటికి తీయించి చూడండి. పెళ్ళి క్యాసెట్టుతో మాత్రం పరీక్ష చేయకండి. నలిగిన టేపు మళ్ళీ చదును కాదు. బూజు కనిపించినదాన్ని అసలే పెట్టవద్దు, హెడ్డుకంటుకుని తర్వాతి క్యాసెట్టుకూ పాకుతుంది.

చూసి ఊరుకుంటే లాభం లేదు. కంప్యూటరుకు తగిలించే చిన్న క్యాప్చర్ పరికరంతో ఎక్కించుకోవాలి. మూడు గంటల టేపుకు మూడు గంటలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. రెండు చోట్ల ప్రతులు పెట్టి, ఒకటి ఊరికి పంపండి. ముందు ఎక్కించవలసింది మీ పెళ్ళి కాదు, ఇప్పుడు లేని పెద్దలున్న క్యాసెట్టు.

కాబట్టి సోదరికి నా సలహా: పదిహేనులో సినిమాలు ప్రక్కకు తీయండి. ఇంటివి రెండు మూడే మిగిలితే యంత్రం కొనకండి, ఎక్కించి ఇచ్చే వారికి ఇవ్వండి. పది మిగిలితే కొనండి. నన్నడిగితే, ఇంటికొకటి కొనే బదులు సంఘం తరఫున మంచిది ఒకటి కొని, బాగుచేయించి, వంతులవారీగా వాడుకోవడం మేలు. మన తొలి ఉగాది వేడుకల క్యాసెట్లు ఫైనల్ ఎగ్జిట్‌లో వెళ్ళిపోయిన మిత్రుల ఇళ్ళలో ఉంటే అవీ తెప్పించవచ్చు. కార్యవర్గం ఆలోచించాలి.

ఈలోగా ఒక పని ఈ రాత్రికే చేయండి. క్యాసెట్టు వీపు మీద ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. స్క్రూ డ్రైవరుతో దాన్ని విరిచేయండి. అది లేకపోతే ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కినా టేపు చెరిగిపోదు.