పొడుగు పాటా? ముందడుగు పాటా?

తొర్రూరులో ఓ ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మనవడు సెలవులకి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఫోన్‌కి చిన్న స్పీకర్ తగిలించి పాట పెట్టాడు. పక్కనే మంచం మీద తాత. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. పాట ఆగదు. మధ్యలో నెమ్మదించింది. హమ్మయ్య, అయిపోయిందనుకునేలోగా మళ్లీ అందుకుంది. తాత ఇక ఉండబట్టలేకపోయాడు.

''ఏం పాటరా ఇది? ఎంతకూ ఒడవదేంది?''

''ప్రోగ్రెసివ్ రాక్ తాతా. గట్లనే ఉంటది.''

''ప్రోగ్రెసివ్ అంటే అభ్యుదయం కదరా. మరి ఇందుల కూలోళ్ల ముచ్చట ఏమన్న ఉన్నదా?''

మనవడికి నవ్వొచ్చింది. కానీ తాత అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆ మాటకి ఈ ప్రాంతంలో ఉన్న అర్థం అదే మరి. పొరుగునున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడిన నేల. అవతల కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి... రెండూ 1943లోనే పుట్టాయి. గొల్లసుద్దుల్ని తీసుకుని, ఆ బాణీలోనే పోరాటం కథ చెప్పించాడు సుద్దాల హనుమంతు. అక్కడ 'అభ్యుదయం' అంటే పాట ఎవరి పక్షాన ఉందన్నది లెక్క. రాక్ సంగీతంలో మాత్రం ఆ మాటకి లెక్క వేరు. అక్కడ అడిగే ప్రశ్న... పాట ఎంత దూరం నడిచింది అని.

ఆ నడక మొదలైంది 1960ల చివర, ఇంగ్లండులో. అంతకుముందు గ్రామఫోన్ రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. మన సినిమా పాట కూడా ఆ కొలతకే అలవాటు పడింది. ఆ తర్వాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. చోటు దొరికింది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌తో, రికార్డు అంటే విడివిడి పాటల మూట కాదు, మొత్తం ఒకే పనిగా వినొచ్చన్న ఆశ పుట్టించారు. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వచ్చింది. రాక్ గిటారు, జాజ్ సాక్సోఫోను, పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందాన్ని తలపించే మెలోట్రాన్... అన్నీ ఒకే పందిరి కిందికి చేరాయి. ప్రోగ్రెసివ్ రాక్‌కి అసలు ఆరంభం అదేనంటారు చాలామంది.

ఇక వరస కట్టాయి బృందాలు. యెస్, జెనెసిస్, జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్, పింక్ ఫ్లాయిడ్. మనవడు పెట్టింది యెస్ వారి 'క్లోజ్ టు ది ఎడ్జ్'. 1972 నాటిది. పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. దానికి ప్రేరణ ఏమిటో తెలుసా? హెర్మన్ హెస్సే రాసిన 'సిద్ధార్థ' నవల. నది ఒడ్డున సత్యం వెతుక్కున్న మన దేశపు మనిషి కథ!

అయితే ఏ బృందాన్ని 'ప్రోగ్రెసివ్' అనాలి? అభిమానులు చెప్పే గుర్తులు కొన్నున్నాయి. పాట పొడుగ్గా ఉండాలి. ఒక్క పాటలోనే నాలుగైదు ఘట్టాలుండాలి. తాళం నాలుగు దెబ్బల దగ్గరే ఆగకూడదు... ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు ఇలా మారుతుండాలి. ఆల్బమ్ అంతా ఒకే కథో, ఒకే ఆలోచనో నడపాలి. జాజ్ నుంచో, శాస్త్రీయం నుంచో, జానపదం నుంచో అప్పు తెచ్చుకోవాలి. వాయించేవాళ్లు చెయ్యి తిరిగినవాళ్లయి ఉండాలి.

బాగానే ఉంది. కానీ ఈ గుర్తులన్నీ ఉంటే చాలా?

జెత్రో టల్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్‌కి ఇదే అనుమానం వచ్చింది. అంతకుముందు తాము చేసిన 'ఆక్వాలంగ్'ని విమర్శకులు 'ఒకే కథ ఆల్బమ్' అన్నారు. అది కాదని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. సరే, మీకు కావాల్సింది అదే అయితే తీసుకోండని 1972లో 'థిక్ యాజ్ ఎ బ్రిక్' చేశాడు. రికార్డు రెండు వైపులా కలిపి ఒకే ఒక్క పాట! ఎనిమిదేళ్ల పిల్లాడు రాసిన పద్యానికి బాణీ కట్టామని ఉత్తుత్తి కథ కూడా అల్లాడు. ఆ ధోరణి మీద వేళాకోళంగా చేసిన ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ప్రోగ్రెసివ్ రాక్‌లోని గొప్ప ఆల్బమ్‌ల పక్కన చేరిపోయింది కూడా. వేళాకోళమే అయినా, పని మాత్రం శ్రద్ధగా చేశారు మరి.

శ్రద్ధ తగ్గి ఆర్భాటం మిగిలినప్పుడు ఏమవుతుందో 1970ల నడిమికి తెలిసొచ్చింది. పాటలు సాగాయి. వేదికలు పెరిగాయి. కీబోర్డుల గుట్టలు పెరిగాయి. చెప్పాల్సింది తగ్గింది. 1976-77 నాటికి పంక్ కుర్రాళ్లొచ్చి, మూడు స్వరాలు కలిపి మీటడం వస్తే చాలు, రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేస్తాం పొమ్మన్నారు. వినేవాళ్లలో చాలామంది వాళ్ల వెంట నడిచారు.

కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ అంతకుముందే, 1974లోనే, తన బృందాన్ని ఆపేశాడు. 1981లో మళ్లీ మొదలుపెట్టాడు. పాత అభిమానులు పాత ధ్వని కోసం ఎదురుచూశారు. వచ్చింది 'డిసిప్లిన్'. అందులో మెలోట్రాన్ లేదు, పాత వైభవమూ లేదు. రెండు గిటార్లు వేర్వేరు లెక్కల్లో నడుస్తూ, విడిపోతూ, మళ్లీ కలుసుకునే బిగువైన అల్లిక ఉంది. ఇంకోపక్క మారిలియన్ లాంటి బృందాలు 1983 నుంచి జెనెసిస్‌ని గుర్తుచేసే ధ్వనితో వచ్చాయి. ఇద్దరినీ ప్రోగ్రెసివ్ అనే పిలుస్తారు. ఒకరిది ఇంటిపేరు. ఇంకొకరిది గుణం. వాదులాటలన్నీ ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే పుడతాయి. నిన్నటి ముందడుగునే ఇవాళ మళ్లీ మళ్లీ వేస్తే అది కవాతు అవుతుంది గానీ ప్రయాణం అవదు.

ఆ గుణం మన దగ్గర లేదా? కింగ్ క్రిమ్సన్ ఆల్బమ్ వచ్చిన 1969లోనే పాలకొల్లులో ఓ పిల్లాడు పుట్టాడు. మాండలిన్ శ్రీనివాస్. ఆయన పట్టుకున్నది విదేశీ వాద్యం. జంటలుగా ఎనిమిది తీగలు. మీటగానే టింగుమని మోగి ఆగిపోయే స్వభావం. దాంట్లో గమకం ఎలా పలకాలి? అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు, ఐదు ఒంటి తీగలతో సరిపెట్టాడు. కొత్తగా కనిపించాలని చేసిన మార్పు కాదది. రాగం అడిగింది కాబట్టి వాద్యం మారింది. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో ప్రపంచమంతా వాయించాడు. 2014లో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

కొచ్చికి చెందిన మదర్‌జేన్‌లో బైజు ధర్మజన్ గిటారు మీద కర్ణాటక గమకాలు పలికించాడు. వాళ్ల 'మక్తూబ్' 2008లో వచ్చింది. బెంగళూరు బృందం అగం తమది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అనే చెప్పుకుంటుంది. త్యాగయ్య తెలుగు కృతి 'మనవ్యాలకించరాదటే'ని డ్రమ్ములు, గిటార్ల మధ్య పాడుతుంది. ఒప్పుకునేవాళ్లున్నారు, చెవులు మూసుకునేవాళ్లూ ఉన్నారు. కృతి చుట్టూ హోరు పెంచారా, కృతిలో ఉన్నదాన్ని ఇంకాస్త తెరిచారా... తేల్చాల్సింది అదొక్కటే.

ఇంకాస్త వెనక్కెళితే తొర్రూరు పొరుగుకే రావాలి. పాలకుర్తి వాడిగా చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు ఏం చేశాడు? గద్యపద్యాల చంపువు గౌరవంగా వెలుగుతున్న రోజుల్లో, జానుతెనుగులో, నలుగురూ కలిసి పాడుకునే ద్విపదలో బసవపురాణం రాశాడు. కఠినం నుంచి తేలికకి వచ్చాడు. అదీ ముందడుగే! పాట పొడుగైతేనే, తాళం చిక్కుపడితేనే ముందుకెళ్లినట్టు కాదని ఏడెనిమిది వందల ఏళ్ల కిందే ఈ పక్క ఊళ్లో తేలిపోయింది.

''తెల్లందాక ఒగ్గుకథ విందాం రారా అంటే నిద్రొస్తదంటివి. గిదైతే మంచిగ వింటున్నవు'' అన్నాడు తాత.

మనవడి దగ్గర జవాబు లేదు. ఒగ్గుకథలో మాత్రం ఏం తక్కువ? రాత్రంతా సాగే ఒకే కథ. మాటలోంచి పాటలోకి, పాటలోంచి అడుగులోకి దూకడం. డోలు, తాళాలు, ఒగ్గు. ఒక్కడే మల్లన్న అవుతాడు, మరుక్షణం ఆడబిడ్డ అవుతాడు. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఆ కథని కొలుపుల దగ్గర్నుంచి పెద్ద వేదికల దాకా నడిపించి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017లో కన్నుమూశాడు. లండన్‌లో చేస్తే ప్రోగ్రెసివ్, లింగాల ఘనపురంలో చేస్తే పాతకాలం! ఈ తూకంలోనే ఏదో తేడా ఉంది. తేడా పాటలో లేదు, చెవిలో ఉంది.

మనవడు ఇంకో పాట పెట్టాడు. పింక్ ఫ్లాయిడ్ 'మనీ', 1973. మొదలవుతూనే చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు. తాత లేచి కూర్చున్నాడు. మార్కెట్ ఉన్న ఊరు, ఆ చప్పుడు ఆయనకి కొత్త కాదు. అది వంతులవారీగా మోగుతుంటే తాత చెయ్యి మంచం పట్టె మీద పడింది. తకిట తకధిమి. తకిట తకధిమి. భజనల్లో తాళం పట్టిన చెయ్యి అది.

''ఏడు లెక్కరా ఇది. మిశ్రచాపు.''

మనవడు నోరు తెరిచాడు. హాస్టల్లో స్నేహితులు వేళ్లు ముడుస్తూ తప్పులు పోయిన లెక్క అది. కాసేపటికి సాక్సోఫోను అయిపోయి గిటారు అందుకుంది. తాత చెయ్యి ఒక్క క్షణం ఆగి, మారింది.

''నాలుగుకొచ్చిండు. గీడ గదే మంచిగుంటది.''

నిజమే. అక్కడ ఆ గిటారుకి ఏడు కంటే నాలుగే హాయి. అందుకే బృందం తన గొప్ప లెక్కని పక్కన పెట్టేసింది. పని చూసుకుని లెక్క మార్చుకునే ధైర్యం... ఆ బృందాన్ని ప్రోగ్రెసివ్ అనడానికి అదొక్కటి చాలు.

''ఇంతకూ ఏమంటున్నడ్రా పాటల?'' అడిగాడు తాత.

''పైసల మీద ఆశ గురించి తాతా. ఉన్నోడు ఇంకా కావాలంటడు, ఎవడికీ పంచడు. గదే ఎగతాళి చేస్తున్నడు.''

తాత మళ్లీ మంచం మీద వాలాడు. ''అట్ల చెప్పు. అభ్యుదయమే'' అన్నాడు.