గేములకీ కౌలెందుకు? ఇంట్లో పీసీ ఉందిగా!

కౌలు అంటే ఏంటో గుంటూరు, ప్రకాశం వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. చేను ఆసామిది, మిరప నారు మనది. వచ్చే ఏడు ఇవ్వనని ఆసామి అంటే దణ్ణం పెట్టి బయటికి రావాల్సిందే.

క్లౌడ్ గేమింగ్ కూడా ఇలాంటిదే. గూగుల్ 2019 నవంబరులో స్టేడియా మొదలుపెట్టింది. అది మన దేశానికి రానేలేదు, 2023 జనవరి 18న మూతపడింది. కొన్న గేముల డబ్బు వెనక్కిచ్చారు, కానీ ఆ సర్వీసులో గేములు మాత్రం మిగల్లేదు.

మరి సొంత చేను సంగతి? చిలకలూరిపేటలోనో అద్దంకిలోనో మీ ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ ఉంది. మీరేమో హైదరాబాద్ హాస్టల్లో ఫోన్‌తో ఉన్నారు. ఆ పీసీలో సన్‌షైన్, ఫోన్లో మూన్‌లైట్ వేసుకుంటే చాలు. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్.

పని చేసే తీరు సింపుల్. గేమ్ ఆడేది పీసీనే. స్క్రీన్ మీద కనిపించేదాన్ని గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు వీడియోగా మార్చి ఫోన్‌కి పంపిస్తుంది. మీ వేలి కదలిక వెనక్కి పీసీకి వెళ్తుంది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది దాదాపు 17 మిల్లీసెకన్లే!

కంపెనీ ఆపేసినా ఆగలేదు

మూన్‌లైట్‌ని 2013లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు హ్యాకథాన్ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. అప్పట్లో దాని పేరు లైమ్‌లైట్. పీసీ వైపు పని మాత్రం ఎన్‌విడియా వాళ్ల గేమ్‌స్ట్రీమ్ చేసేది, అదీ వాళ్ల కార్డుల మీదే. 2023లో ఎన్‌విడియా గేమ్‌స్ట్రీమ్‌కి మంగళం పాడింది. మూన్‌లైట్ కూడా పోవాల్సిందే కదా? పోలేదు. అప్పటికే సన్‌షైన్ రెడీగా ఉంది. పైగా అది ఏఎండీ, ఇంటెల్ కార్డుల మీద కూడా నడుస్తుంది. ఓపెన్ సోర్స్ వల్ల లాభం ఇదే. ఒకరు వదిలేసినా ఇంకొకరు అందుకోవచ్చు.

ముందు లెక్క చూసుకోండి

720పీ, 60 ఫ్రేములకి 10 ఎంబీపీఎస్ పెడితే గంటకి 4.5 జీబీ అవుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ సరిగ్గా 20 నిమిషాల్లో ఖాళీ! కాబట్టి మొబైల్ డేటా కాదు, వైఫై వెతుక్కోండి. ఇంకో మాట. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ ఇంటి అప్‌లోడ్ స్పీడు. ప్లాన్ పేరులో 100 ఉందని మురిసిపోకుండా స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ ఎంతో చూడండి. స్టోరీ గేములకి కొంచెం ఆలస్యం ఫర్వాలేదు. ఆన్‌లైన్ షూటర్లు మాత్రం దూరం నుంచి ఆడితే ఓడిపోవడానికే.

ఇంటి బయటి నుంచి కలపడం ఇంకో చిక్కు. చాలా కనెక్షన్లలో మీ రూటర్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు, ఒకే అడ్రస్‌ని ఎందరో పంచుకుంటారు. అందుకే పీసీలోనూ ఫోన్లోనూ టెయిల్‌స్కేల్ వేసి, రెంటినీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లోకి తెస్తారు. సొంత వాడకానికి ఫ్రీ ప్లాన్ ఉంది. అందులో కనెక్షన్ ‘డైరెక్ట్’ అని చూపిస్తే హాయి. ‘రిలే’ అంటే మధ్యలో వేరే సర్వర్ తిరిగి వస్తోందని అర్థం, గేమ్ నత్తనడకే. ‘ఇదీ కంపెనీదేగా, మళ్లీ కౌలేగా?’ అంటారా? నిజమే. దాని సర్వర్‌కి బదులుగా హెడ్‌స్కేల్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్ ఉంది. కాకపోతే దాన్ని నడపడానికి పబ్లిక్ అడ్రస్ ఉన్న మెషీన్ ఒకటి కావాలి.

కాపలా కూడా మనదే

సొంత చేనుకి మంచె మీద కూర్చోవాల్సింది మనమే. సన్‌షైన్‌తో జత చేసిన ఫోన్‌కి గేమ్ ఒక్కటే కాదు, డెస్క్‌టాప్ మొత్తం అందుతుంది. నాన్న బ్యాంకు లాగిన్, పొలం కాగితాల స్కాన్లు కూడా ఆ పీసీలోనే ఉంటాయేమో! అందుకే రూటర్లో పోర్టులు తెరవొద్దు. సన్‌షైన్‌కి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. జత చేసేటప్పుడు ఫ్రెండ్స్ ఫోన్లో వచ్చే పిన్‌ని మీ సన్‌షైన్‌లో కొట్టొద్దు. ఫోన్ పోతే వెంటనే దాన్ని సన్‌షైన్ లిస్టులోంచి తీసేయండి. అప్‌డేట్లు వాయిదా వెయ్యొద్దు.

కరెంటు సంగతి కూడా ఉంది. కరెంటు పోయి వచ్చాక పీసీ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో సెట్టింగ్ ఉంటుంది. మానిటర్ తీసేసిన పీసీ అయితే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ పెట్టండి, లేకపోతే స్క్రీన్ రాకపోవచ్చు. ఇవేవీ కుదరకపోతే, ‘అమ్మా, కాస్త పీసీ ఆన్ చెయ్యవా’ అని ఒక ఫోన్ కొట్టండి.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ముందు ఇంటి వైఫైలోనే పీసీ, ఫోన్ కలిపి చూడండి. పీసీని రూటర్‌కి కేబుల్‌తో పెడితే ఇంకా మంచిది. అక్కడ సాఫీగా నడిచాకే హాస్టల్ సంగతి. ఇంట్లోనే ఆగి ఆగి నడిస్తే హైదరాబాద్‌లో అస్సలు నడవదు.