విజ్ఞాన విశేషములు: బుట్టయల్లిక లోహము

జపాను దేశమున వెదురుబద్దలతో అల్లు బుట్టలలో నొక విధమునకు కగోమె యని పేరు. 'కగొ' యనగా బుట్ట. 'మె' యనగా కన్ను. మూడు దిక్కులనుండి వచ్చు బద్దలు ఒకదాని నొకటి దాటునపుడు ఆరుమూలల కన్నులును, వాని చుట్టును త్రికోణములును ఏర్పడును. 1951లో ఇతిరో ష్యోజి యను జపాను శాస్త్రజ్ఞుడు ఇట్టి యమరికను గణితమున విచారించి, ఈ బుట్టపేరుతోనే ప్రకటించెను. పండితులు పేరుకొరకు గ్రీకు నిఘంటువు తెరువక బుట్టలల్లువారి పందిరిక్రిందికి పోవుట యరుదు గనుక, ఈ నామము మాకు ప్రియమైనది.

ఈ యల్లికను పరమాణువులే అల్లుకొన్న లోహ స్ఫటికమును గూర్చి 2019లో లోకమునకు దెలిసినది. సీసియము, వెనేడియము, ఆంటిమొని 1:3:5 పాళ్లలో కలిసినది. అందు వెనేడియమే బుట్ట యల్లును. విద్యుత్తు ఇసుమంతయు నిరోధము లేక ప్రవహించు స్థితిని అతివాహకత యందురు. ఈ లోహము 2.5 కెల్వినుల వద్ద, అనగా నీరు గడ్డకట్టు మేరకు 270 డిగ్రీలకు పైగా దిగువను, అతివాహక మగునని 2020లో సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి.

అంతటి చలికి చేరకముందే, 94 కెల్వినుల వద్ద, మరియొక వింత జరుగును. ఎలక్ట్రానులు అంతటను సమముగా నుండక, ఒకచోట గుమిగూడి ఒకచోట పలుచబడి వరుసలు తీర్చును. దీనికి ఆవేశక్రమ మని పేరు. వానితోపాటు పరమాణువులును జరుగును. ఇరుగుపొరుగు వెనేడియములకు నడుమ దూరము సుమారు 2.7 ఆంగ్‌స్ట్రాములు, జరుగుట యందులో కొద్ది నూరవ వంతులు మాత్రమే. అయినను, ఒక్కొక్క కంటికి మరల వచ్చుచుండిన నమూనా యిపుడు రెండేసి కన్నులకు గాని మరల రాదు.

సోదరీమణులారా! ముగ్గులు వేయు మీకు ఇది మాకంటె బాగుగ బోధపడును. పండ్రెండు వెనేడియములు దగ్గరకు చేరి ఆరుకోణముల నక్షత్రము కావచ్చును. లేక ఎదురుదిశగా జరిగి త్రికోణములుగను షడ్భుజములుగను విడివడవచ్చును. చుక్కలవే, గీతలు వేరు. గణితము రెండవ రూపమునకు మొగ్గుచున్నది. కొన్ని ప్రయోగములు మాత్రము, ఒక పొర నక్షత్రము, వేరొక పొర త్రికోణములని చెప్పుచున్నవి.

ఈ తగవు వెనుక పెద్ద ప్రశ్న యున్నది: ఆవేశక్రమము అతివాహకతకు తోడా, పోటియా? స్ఫటికమును వాతావరణపు టొత్తిడికి సుమారు 20,000 రెట్లు నొక్కగా, ఆవేశక్రమము మాయమై, అతివాహకత దాదాపు 8 కెల్వినుల వరకు నిలిచినది. పోటియే యని తీర్పు చెప్పబోవుదుము గాని, ఒత్తిడి హెచ్చుకొలది అతివాహకత మొదట పెరిగి, నడుమ తగ్గి, మరల పెరిగినది. తోడికోడండ్ర వ్యవహారమువలె నిది కొంత చిక్కైనది.

ఈ లోహమున విద్యుత్తు ఒక దిక్కున నొక తీరుగను, వేరొక దిక్కున వేరొక తీరుగను ప్రవహించునని కొందరనిరి; కొందరికి భేదము కనబడలేదు. హాంబర్గులోని మాక్స్ ప్లాంక్ సంస్థవారు స్ఫటికమును ఏ యాధారమును లాగకుండునట్లు వ్రేలాడదీసి కొలిచి, 2024లో ఫలితము ప్రకటించిరి. అప్పుడు భేదము కానరాలేదు. ఇంచుక లాగినను, అయస్కాంతబలము చూపినను భేదము పుట్టినది. చట్రమునకు బట్ట బిగించి పువ్వులు కుట్టువా రెరుగుదురు. ఒకవైపు బిగువు హెచ్చినచో గుండ్రని పువ్వు కోలగా దిగును. ప్రయోగశాలల తగవులలో గొంత భాగము స్ఫటికమును పట్టుకొన్న తీరున బుట్టినదే యని మా యభిప్రాయము.

అల్లిక కన్నులచుట్టు విద్యుత్తు తనంత తాను సుళ్లు తిరుగుచున్నదా యను వివాదము మాత్రము తీరలేదు. మ్యుయాను లను కణములతో పరీక్షించినవారు దాని జాడ యున్నదనిరి. కాంతికిరణములతో పరీక్షించినవారిలో గొందరు లేదనిరి.