ఇజాజత్ ఇద్దాం

"అబ్బా, భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంటా" అంది మా బిడ్డ. "లోగాఁ క్యా బోల్తే?" అనేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ పోయే రైల్లో కిటికీలోంచి కనిపించే గుట్టే అది. కూలీల బిడ్డ, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది అక్కడే. తర్వాత డార్జిలింగ్, లదాఖ్‌లలో తాలీమ్. 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది.

సాహసమంటే అమీర్ల షౌక్ అనుకుంటాం. మెట్టు మెట్టుగా తయారైతే మనలాంటి మామూలు మనుషులదీ అవుతుంది. ఫజర్ తర్వాత రోజూ నడక, కొన్నాళ్లకు పరుగు, ఆపై ఉస్తాద్ వెంట గుట్ట. కావాల్సింది సబర్.

మన ఆడపిల్లలకు హిమ్మత్ కొదవలేదు. ఆపుతున్నది మన భయమే. పొద్దున బిడ్డతో అన్నాను: "చల్ బేటీ, నడక మొదలుపెడదాం. నేనూ వస్తా."