పడవకు మిగిలిన పని

ఖురియాత్ తీరంలో నేటికీ పడవలకు కొదవ లేదు. అవి పట్టి తెచ్చిన చేపలు మాత్రం మస్కట్‌కు చేరేది రోడ్డు మీదనే. 1507లో పోర్చుగీసులు తగలబెట్టేనాటికి ఈ ఊరు పేరున్న రేవు. సరుకుకు సముద్రమే రహదారి. కొండల నడుమ తారు రోడ్డు పడ్డాక పడవకు వేట ఒక్కటే మిగిలింది.

తెలుగునాట జరిగిందీ ఇదే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఊరూరా విగ్రహాలున్నాయి. కాలువ పొలానికి నీరే కాక పడవకు దారి కూడా కావాలని, బరువు సరుకులకు రైలు కన్న అదే చౌక అని ఆయన వాదించాడు. విగ్రహానికి దక్కిన గౌరవం ఆ వాదానికి దక్కలేదు. మద్రాసుకు ఉప్పు, కట్టెలు చేరవేసిన బకింగ్‌హాం కాలువ చాలాచోట్ల పూడిపోయింది. చెన్నైలో దానిలోనే రైలు స్తంభాలు లేచాయి.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పాత గట్లు లారీల బరువుకు ఆగవు. అందుకే అక్కడి హోటళ్లకు 2010 నుంచి విద్యుత్ పడవ సరుకు చేరవేస్తున్నది. ఐరోపా దీన్ని నవీన పరిష్కారమంటున్నది. కాటన్ చదువరికి అది పాత మాటే.

పడవ నెమ్మది, నిజమే. చేపకు తొందర ఉంది కనుక దానికి రోడ్డే తగును. సిమెంటుకూ బియ్యానికీ ఏం తొందర? సరుకు స్వభావాన్ని బట్టి దారిని ఎంచుకోవడమే వివేకం. ఉన్న నీటిదారిని పూడ్చుకున్నవారికి ఆ ఎంపికే మిగలదు.