కారు నేరబైలు దగ్గరే ఆగితే

కావలి నుంచి తలకోన జలపాతానికి ఆదివారం ప్రయాణం పెట్టుకున్న కుటుంబం తెల్లవారుజామున నాలుగింటికే కారెక్కాలి. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాకా జాతీయ రహదారి. అక్కణ్నుంచి శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి. చంద్రగిరి దాటాక భాకరాపేట ఘాట్, ఆపైన నేరబైలు, ఆ తర్వాత అడవి గేటు. అటూ ఇటూగా 240 కిలోమీటర్లు. టిఫిన్లు, టీలు కలుపుకుంటే పోవడానికి ఐదారు గంటలు, రావడానికి మరో ఐదారు గంటలు. జలపాతం దగ్గర గడిపేది మహా అయితే రెండు గంటలు. అందులో స్నానాలు, సెల్ఫీలు, డిక్కీలోంచి దించిన పులిహోర గిన్నె, దాని చుట్టూ చేరే కోతుల గోల పోను అడవికంటూ మిగిలే సమయం ఏమీ ఉండదు. జనం బద్ధకమని కొట్టిపారేయడం తేలికే. కానీ గేటు దగ్గర రుసుం కట్టించుకుని కారును లోపలికి పంపే ఏర్పాటు ఉంది, నిలుపుకోవడానికి చోటూ ఉంది. అడవిలో మూడు గంటలు నడుస్తానన్న మనిషికి మాత్రం ఆ స్థాయి ఏర్పాటు లేదు. ఏది అమర్చిపెడితే జనం దాన్నే వాడుకుంటారు. అందుకే కార్లను నేరబైలు దగ్గర ఆపి, అక్కణ్నుంచి అటవీశాఖ బస్సులు నడిపి, లోపల కొద్దిపాటి కాలిబాటలను స్థానిక గైడ్లు వెంట ఉండేలా తెరవాలన్నది నా వాదన.

తలకోన ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. 1989లో ఏర్పడిన ఈ పార్కు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో ఇదీ భాగమే. తూర్పు కనుమల దక్షిణపు కొసలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని ఎర్రచందనం ఇక్కడుంది. ఈ కొండల చుట్టుపక్కల తప్ప కనిపించని పేరీత చెట్టు ఉంది. రాత్రిపూట కొమ్మల మీద నెమ్మదిగా పాకే దేవాంగపిల్లి, కోనల్లో తడి రాళ్ల పగుళ్లలో దాక్కునే బంగారు బల్లి ఉన్నాయి. వీటిలో ఒక్కటీ కారు అద్దంలోంచి కనిపించేది కాదు. తలకోన గిల్లతీగనే తీసుకోండి. కాండం చెట్టు మానంత లావెక్కి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి మెలికలు తిరుగుతూ పోతుంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ తేలిందో కనిపెట్టాలంటే తలెత్తుకుని చుట్టూ తిరగాల్సిందే. కాయ మూరెడు పొడుగు, గింజ గింజకీ నొక్కు. ఎండి రాలిన గింజ రూపాయి బిళ్ల కంటే వెడల్పుగా, ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంది. (దాన్ని జేబులో వేసుకురావడం చట్టరీత్యా తప్పని కూడా పక్కనున్న మనిషి చెప్పాలి.) ఈ తీగ ముందు పావుగంట నిలబడ్డ పిల్లవాడికి అడవి గురించి తెలిసేంత, పది గంటల కారు ప్రయాణంలో తెలియదు.

రోడ్డు గొప్ప రోడ్డుకుంది, కాదనను. తిరుమల ఘాట్‌లో కొండ కోత దగ్గర కింద అతి పురాతనమైన గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య గీతలో కోట్లాది ఏళ్ల భూమి చరిత్ర గల్లంతయింది. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అనే ఈ చోటును భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించింది. రాపూరు నుంచి చిట్వేలికి వెలికొండలు దాటే ఘాట్, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే నల్లమల దారి కూడా డ్రైవింగ్ ఇష్టపడేవాళ్లు ఊరికే చెప్పుకునేవి కావు. కొండల వరస, లోయల లోతు, వాన తర్వాత మారే రంగులు రోడ్డు మీంచే బాగా తెలుస్తాయి. అయితే రోడ్డు చూపించేది కొండ ఆకారాన్ని. ఆ కొండ మీద ఏం బతుకుతోందో చూపించడం దానికి చేతకాదు. పైగా భాకరాపేట ఘాట్ లాంటి చోట స్టీరింగు పట్టినవాడికి ఆ ఆకారమైనా దక్కదు. అతని చూపంతా మలుపు మీదే ఉండాలి, 2022 మార్చిలో బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే.

మనవాళ్లు నడవరు, నడక దారులు తెరిస్తే ఈగలు తోలుకోవాలి అనేవాళ్లున్నారు. ఈ మాట తిరుపతి పక్కనే నిలబడి అనడం విచిత్రం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కేవాళ్లలో పసివాళ్లూ ఉన్నారు, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మమ్మలూ ఉన్నారు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి వస్తే పాపవినాశనం నుంచి రాళ్లూ రప్పలూ వాగులూ దాటుకుంటూ వేలమంది అడవిలోకి నడుస్తారు. అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు పౌర్ణమి పౌర్ణమికీ తెలుగునాట నుంచి బస్సులు నిండిపోతున్నాయి. నడక మనకు కొత్త కాదు. కాకపోతే అడవిలో నడవడానికి మనకున్న అనుమతి దాదాపుగా దేవుడి పేరు మీదే, అదీ తిథిని బట్టే. చెట్టును చూడాలని, పిట్టను చూడాలని వచ్చే మనిషికి ఏ తిథీ లేదు. అలాంటివాళ్లలో ఓపికున్నవాళ్లు ఇంటికి తిరిగిపోతారు, లేనివాళ్లు యూట్యూబ్ వీడియో చూసి దొంగదారిన కోనల్లోకి దిగుతారు. నీటిగుండాల్లో మునిగి చనిపోయిన కుర్రాళ్ల వార్తల్లో కొన్ని ఈ రెండో రకానివే.

ప్రమాదం మాటకొస్తే, అడవి ప్రమాదకరమే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోన గుడికి అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఈ రెండు ఘటనలూ నా వాదనకు ఎదురు తగిలేవే కాబట్టి వాటిని దాటవేయడం కుదరదు. కానీ వాటి తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. చిరుత దాడి తర్వాత అలిపిరి దారిని మూసిపారేయలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు తర్వాత పంపలేదు, జనాన్ని గుంపులుగా కదిలించారు, చేతికర్రలిచ్చారు, కెమెరాలు పెట్టి చిరుతల జాడ కనిపెట్టారు. అంటే వేళ, గుంపు, కాపలా అనే మూడింటితో నడకను నిలబెట్టారు. గుండాలకోన దారిలో రాత్రిపూట నడిచినవాళ్లకు సరైన వేళా లేదు, కాపలా లేదు. ఏనుగుల గుంపు ఆ పక్క తిరుగుతోందని తెలిసిన మనిషి ముందు నడిచి ఉంటే, ఆ రాత్రి ప్రయాణమే ఆగిపోయేది.

తమిళనాడు అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎవరికైనా మొదట తోచేది కొండలన్నిటికీ తాళం వేయడమే. ఆ ప్రభుత్వం నిబంధనలు రాసుకుని, 2024 అక్టోబరులో 40 నడక దారులను ఆన్‌లైన్ బుకింగుతో తెరిచింది. ఆ ఊళ్ల యువకులకే శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. కర్ణాటక కూడా 2024 జనవరిలో కుమారపర్వతం మీద తొక్కిడి చూశాక ముందస్తు బుకింగు లేకుండా ఎవరినీ కొండెక్కనివ్వకూడదని నిర్ణయించి, దారికి రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టింది. తమిళనాడు రుసుములు మరీ ఎక్కువన్న విమర్శ వచ్చింది, అందులో న్యాయముంది. అడవి నడక ఐటీ ఉద్యోగుల వారాంతపు ముచ్చటగా మిగలకూడదంటే ఇక్కడి కాలేజీ పిల్లలకు, చుట్టుపక్కల జిల్లాలవాళ్లకు వేరే ధర ఉండాలి. కావలి జవహర్ భారతి కాలేజీలో వృక్షశాస్త్రం చదివే విద్యార్థి ఎర్రచందనం చెట్టును పుస్తకంలో బొమ్మగానే చూసి పట్టా పుచ్చుకోవడం ఏం చదువు?

ఎర్రచందనం పేరెత్తితే అటవీ అధికారులు చెప్పే అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. దారులు తెరిస్తే దొంగలకు దారి చూపినట్టే అంటారు. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో జరిగిన పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అంత డబ్బు, అంత రక్తం ముడిపడ్డ చెట్టు చుట్టూ పర్యాటకం నడపడమంటే భయపడటం సహజం. కానీ ఆ దొంగలకు అడవి దారులు కొత్తగా ఎవరో చూపించాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. కేరళలో పెరియార్ పులుల అభయారణ్యం ఇదే చిక్కును మరోవైపు నుంచి విప్పింది. దాల్చిన జాతి చెట్ల బెరడు దొంగచాటుగా ఒలిచి అమ్ముకునేవాళ్లను 1990ల చివర్లో పిలిచి మాట్లాడి, ఒక సంఘంగా కట్టి, అడవి గైడ్లుగా, కాపలాదారులుగా మార్చారు. ఏ గుట్ట వెనక ఏ చెట్టుందో, ఏ వాగు దగ్గర ఎవరు మకాం వేస్తారో వాళ్లకు తెలిసినంత గార్డులకు తెలియదు. నేరబైలు, భాకరాపేట పక్క ఊళ్లలోని యానాదులకు, ఇతర పేద కుటుంబాల కుర్రాళ్లకు నెలనెలా చేతికి వచ్చే గైడు జీతం ఉంటే, రాత్రికి రాత్రి దుంగ మోస్తే ఇచ్చే కూలి మీద ఆశ కొంతైనా తగ్గుతుంది. మొత్తం ఆగిపోతుందని నేను చెప్పను. అంతర్జాతీయ ముఠాలున్న వ్యాపారాన్ని గైడు జీతాలు ఆపలేవు. రోజూ పగటిపూట జనం, వాళ్లతో పాటు ఊరివాళ్లు తిరిగే దారిలో గొడ్డలి పట్టడం మాత్రం కష్టమవుతుంది.

కార్లు ఆపితే ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఏం కావాలన్నది మరో ప్రశ్న. నేరబైలు నుంచి గుడి దాకా బస్సు ఉంటుందనే కదా చెబుతున్నది. ఇంత దూరం వచ్చి కారు దిగమంటే గొడవ చేసే జనమే తిరుమల కొండ మీద ఉచిత బస్సుల్లో కిక్కిరిసి తిరుగుతున్నారు. అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు లాంగ్ వీకెండ్ వస్తే అద్దె కారు తీసుకుని నేషనల్ పార్కులకు బయల్దేరతారు. వాళ్లనడిగితే యూటా రాష్ట్రంలోని జయాన్ పార్కు గురించి చెబుతారు. అక్కడ లోయలో కార్లు కిటకిటలాడుతుంటే 2000 నుంచి రద్దీ నెలల్లో సొంత కార్లను లోయ రోడ్డు మీదికి రానివ్వడం మానేసి ఉచిత బస్సులు వేశారు. కార్ల దేశమే ఒప్పుకున్న పని మనం చేయలేమా? వాహనాలను ఆపడం మన అటవీశాఖకూ తెలియని విద్య కాదు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా శ్రీశైలం దారి మూసేస్తారు, పెళ్లివాళ్లైనా ఆగాల్సిందే. ఇక నేరబైలు వ్యాపారుల సంగతంటారా, ఇప్పుడు దుమ్ము రేపుకుంటూ ఊరు దాటిపోతున్న కార్లు రేపు అక్కడే ఆగుతాయి. హోటలు, టీ కొట్టు, రాత్రి బసకు గదులు అన్నీ ఊళ్లోనే నిలబడతాయి.

కాలం ఎంచుకోవడంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. జలపాతం నిండుగా దూకేదీ అప్పుడే, వాగులు ముంచెత్తేదీ అప్పుడే. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి, మరుసటి ఏడాది మే నెలకు గానీ తెరవలేదు. మార్చి దాటితే నిప్పు భయం. 2014 మార్చిలో తిరుమల కొండల్లో రేగిన మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. వానకూ నిప్పుకూ మధ్య నికరంగా దొరికేది సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి చివరి దాకా, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరు నెలలు. ఏడాదిలో మిగతా కాలమంతా నడక దారులు మూసి ఉంచాలి. అడవికీ ఆ విరామం కావాలి.

కావలివాళ్లకు ఆదివారం ఒక్కటే సెలవు, తలకోన ఒక్క రోజులో అయ్యే పని కాదు అంటే ఒప్పుకోవాల్సిందే. అందుకే ఈ ప్రయోగం తలకోనతో ఆగకూడదు. వెలికొండల్లో 1997లో ఏర్పడిన పెనుశిల నరసింహ అభయారణ్యం మన నెల్లూరు జిల్లాదే. అందులోని పెంచలకోనకు కావలి నుంచి దూరం దాదాపు సగమే. అక్కడి నరసింహస్వామి దర్శనానికి వెళ్లే కుటుంబాలు గుడి వెనక కోన వైపు ఎలాగూ నడుస్తూనే ఉన్నాయి. అక్కడ గైడూ ఉండడు, చెట్టు పేరు చెప్పే బోర్డూ ఉండదు. పడమట ఉదయగిరి దుర్గం కొండ కూడా అంతే. 1514లో కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఇవాళ ఎక్కేవాడికి ముళ్లకంపే దారి. ఖర్చు పెద్దగా లేని పని ముందు పెంచలకోనలో మొదలుపెట్టవచ్చు. సంక్రాంతి తర్వాత వచ్చే ఆరు ఆదివారాలు, రోజుకు రెండు జట్లు, జట్టుకు పదిహేను మంది, ఉదయం ఆరున్నరకు బయల్దేరి పదిన్నరకల్లా వెనక్కి. అరుణాచలానికి పౌర్ణమి స్పెషల్ వేయడం తెలిసిన ఆర్టీసీ, శనివారం రాత్రి కావలి డిపో నుంచి ఒక్క బస్సు పెంచలకోనకు వేస్తే చాలు. ఆ బస్సు నిండిందా లేదా అన్నది తలకోన గురించి నిర్ణయం తీసుకునేవాళ్లకు పనికొచ్చే లెక్క.